సీటు ఇచ్చారు, బల్ల అందలేదు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. క్యాలిపర్ వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని నడిచేది. ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని వికలాంగుల కోటాలో చేరింది. అంతవరకు అన్నీ చట్టప్రకారమే జరిగాయి. ల్యాబ్ మాత్రం రెండో అంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. ప్రాక్టికల్స్ నాలుగు గంటలు, అన్నీ నిలబడే చేయాలి. బ్యూరెట్ అనే పొడవాటి గాజు గొట్టంలో ద్రావణం పోయాలంటే ఒక చేత్తో గరాటు పట్టుకుని రెండో చేత్తో బీకరు పైకెత్తి వంచాలి. ఆమెకు ఒక చెయ్యి ఎప్పుడూ కర్రకే సరిపోయేది. ఆ అవస్థ చూడలేక మా ల్యాబ్ అటెండర్ లైబ్రరీ నుంచి ఒక ఎత్తు స్టూలు తెచ్చి వేశాడు. దారికి అడ్డంగా ఉందని రెండు వారాలకు దాన్ని తీయించేశారు. ఆ సెమిస్టర్ థియరీలో ఆమె క్లాసులో రెండో స్థానం. ప్రాక్టికల్స్‌లో మార్కులు తగ్గాయి. పని నెమ్మదిగా చేస్తోందన్నది వాళ్లు చెప్పిన కారణం.

ఆ స్టూలు సంగతి నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు. అక్కడ ఆమె అంటే గిట్టనివాళ్లు ఎవరూ లేరు. ఫీజులో రాయితీ ఇచ్చారు, పరీక్షలో అదనపు సమయం ఇచ్చారు, ఫేర్‌వెల్ రోజున ఆమె పట్టుదల గురించి ఇద్దరు మేడమ్‌లు కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడారు. కానీ ఒక స్టూలు ఎవరు వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి, దాని ఖర్చు ఏ పద్దులో రాయాలి అంటే జవాబు చెప్పే మనిషి ఆ భవనం మొత్తంలో లేరు. మన దేశంలో వైకల్యం ఉన్న శాస్త్రవేత్తల కథంతా ఈ స్టూలు దగ్గరే ఆగిపోతోందని నా అభిప్రాయం. గడప దాకా తీసుకురావడానికి కోటా ఉంది. లోపలికొచ్చాక పని చేసుకోవడానికి కావలసినవి ఇవ్వడం ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉంటే ఇందులో 21 ఉన్నాయి. ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. చాలామందికి ఈ చట్టం గురించి తెలిసింది ఇంతవరకే. ఇదే చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న ఉద్యోగికి అవసరమైన సర్దుబాట్లు చేసిపెట్టడం ప్రతి ప్రభుత్వ సంస్థ విధి. ఆ సర్దుబాటు నిరాకరిస్తే అదీ వివక్ష కిందికే వస్తుందని చట్టంలోనే రాసి ఉంది. 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటనే వివరంగా చెప్పింది. రాయబోతే వేళ్లు పట్టేసే సమస్య ఉన్న ఆ యువకుడు సివిల్స్ రాయడానికి లేఖరిని అడిగితే యూపీఎస్సీ కాదంది. ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. అంటే మా క్లాస్‌మేట్ స్టూలు లాంటిది ఈ రోజున దయ కాదు, హక్కు. కానీ ఆ హక్కు ఎన్ని ల్యాబుల్లో బల్లల దాకా చేరింది?

అసలు ల్యాబ్ దాకా రాకముందే చాలామంది ఆగిపోతారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టుకతోనే చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని ఇంటర్‌లో సైన్స్ తీసుకుంటానంటే కుదరదన్నారు. సైన్స్ చదవడానికి ఒక పిల్లవాడు కోర్టుకెక్కాల్సి వచ్చింది. గెలిచి, పాఠాలను ఆడియోలో విని చదువుకుని 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. తర్వాత ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోలేదు. చివరికి అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. అక్కడ అడుగుపెట్టిన తొలి విదేశీ అంధ విద్యార్థి ఆయన. ఢిల్లీకి చెందిన కార్తీక్ సాహ్నీదీ ఇలాంటి కథే. సైన్స్ గ్రూపు కోసం సీబీఎస్‌ఈతో పోరాడి గెలిచాడు. ఐఐటీ ప్రవేశ పరీక్ష రాయడానికి తగిన వీలు దొరక్క స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లిపోయాడు. ఇద్దరినీ మనం గర్వంగా మన పిల్లలని చెప్పుకుంటాం. వాళ్లకు చదువు చెప్పింది మాత్రం వేరే దేశం.

ఈ వడపోత మొదలయ్యేది కోర్టుల దగ్గర కాదు, బడిలో. చూపు లేని పిల్లలకు పదో తరగతిలో లెక్కలు, సైన్స్ బదులు సంగీతం లాంటి సబ్జెక్టు తీసుకునే వీలు సీబీఎస్‌ఈ లాంటి బోర్డులు ఇస్తాయి. దీన్ని మినహాయింపు అంటారు. పిల్లవాడికి కష్టం తప్పించామని టీచర్, తల్లిదండ్రులు అందరూ మంచి మనసుతోనే అనుకుంటారు. పదిహేనేళ్ల వయసులో లెక్కలు వదిలేసిన పిల్లవాడికి ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్ అన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. అబ్రహం నెమెత్ అనే అంధ అమెరికన్‌కు లెక్కలంటే ప్రాణం. నీకు లెక్కలు కుదరవని పెద్దలు చెబితే సైకాలజీ చదివాడు. ఆ తర్వాత మళ్లీ లెక్కలకే వచ్చి ప్రొఫెసర్ అయ్యాడు. గణిత సంకేతాలను బ్రెయిలీలో రాసే పద్ధతిని తయారుచేసి 1952లో ప్రపంచానికిచ్చాడు. నెమెత్ కోడ్ వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా మన ఊళ్లల్లో లెక్కల మాస్టారికి దాని పేరు తెలియదు.

చదువుకోవడానికి పుస్తకమైనా చేతికి అందుతుందా అంటే అదీ కష్టమే. అంధ విద్యార్థులు కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామ్) పెట్టుకుని చదువుతారు. ఎన్‌వీడీఏ అనేది ఉచితంగానే దొరుకుతుంది. కానీ తెలుగులో సైన్స్ పుస్తకాలు చాలావరకు అను అనే పాత తరహా ఫాంట్లలో కూర్చినవి. మనకు కంటికి అందమైన తెలుగు కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు తగులుతాయి. ఒక పుస్తకాన్ని ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి పెడితే చాలు, ఒక పిల్లవాడు ఇంకెవరి మీదా ఆధారపడకుండా చదువుకోగలడు. ఇది కోట్ల రూపాయల పని కాదు. ఇంత చిన్న పని కూడా జరగకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

పరిశోధన స్థాయిలో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. పరిశోధన పత్రాలు పీడీఎఫ్‌లో వస్తాయి. అందులో సమీకరణం స్క్రీన్ రీడర్‌కు ముక్కలు చెక్కలుగా వినిపిస్తుంది. గ్రాఫ్ ఉన్నచోట 'చిత్రం' అని మాత్రమే పలుకుతుంది. ఆ పత్రంలో అసలు విషయమంతా ఆ గ్రాఫులోనే ఉంటుంది. దీనికి పరిష్కారం ఎప్పటినుంచో ఉంది. పుణేలో పుట్టిన అంధ కంప్యూటర్ శాస్త్రవేత్త టి.వి. రామన్ 1994లోనే కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం గణిత పత్రాలను అర్థవంతంగా చదివి వినిపించే వ్యవస్థ తయారుచేశారు. శాస్త్రవేత్తలు తమ పత్రాలను ప్రచురణకు ముందే ఉంచుకునే ఆర్కైవ్ (arXiv) సైట్ చదవడానికి వీలైన హెచ్‌టీఎంఎల్ రూపం ఇవ్వడం మొదలుపెట్టింది 2023 డిసెంబర్‌లో. మధ్యలో 29 ఏళ్లు. ఆ 29 ఏళ్లలో ఎంతమంది విసిగిపోయి వేరే దారి చూసుకున్నారో ఎవరూ లెక్క పెట్టలేదు.

చెవుడు ఉన్నవారి కష్టం వేరు. భారతీయ సంజ్ఞాభాషలో మామూలు మాటలకు గుర్తులున్నాయి కానీ పరిశోధన స్థాయి పదాలకు చాలావాటికి లేవు. ఒక్కొక్క అక్షరం వేళ్లతో చూపిస్తూ పోవాలి. సెమినార్‌లో మాట్లాడేవాళ్లు ఇరవై నిమిషాల్లో ముగిస్తారు, ఈలోపు వేళ్లతో ఎంత చెప్పగలం? సభ ఏదైనా, దుబాసీని పెట్టాలన్న ఆలోచన నిర్వాహకులకు రాదు. టీ విరామంలో జరిగే కబుర్లలోనే సగం ఉద్యోగాలు, సగం ప్రాజెక్టులు కుదురుతాయని సైన్స్‌లో ఉన్న అందరికీ తెలుసు. ఆ కబుర్లు వినబడని మనిషి రెజ్యూమెలో ఆ లోటు ఎక్కడా కనబడదు, కెరీర్‌లో మాత్రం కనబడుతుంది.

ఈ మాటలన్నీ అన్నప్పుడల్లా ఎవరో ఒకరు భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పేరు ఎత్తుతారు. సంకల్పం ఉంటే ఏదైనా సాధ్యమే కదా అంటారు. హాకింగ్ జీవితం నాకు వేరేగా అర్థమవుతుంది. 1963లో, 21 ఏళ్ల వయసులో ఆయనకు ఒళ్లంతా క్రమంగా చచ్చుబడిపోయే జబ్బు బయటపడింది. 1985లో గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట పూర్తిగా పోయింది. అప్పటినుంచి ఇరవై నాలుగు గంటలూ నర్సులు కావలసి వచ్చారు. ఆ ఖర్చు మోయడానికి అమెరికాలోని మెకార్థర్ ఫౌండేషన్ ముందుకొచ్చింది. ఒకరు మాట పలికే ప్రోగ్రామ్ ఇచ్చారు, ఇంకొకరు దాన్ని చక్రాల కుర్చీకి బిగించిపెట్టారు, పరిశోధక విద్యార్థులు పక్కనుండి సాయం చేశారు. అంత మేధస్సుకు అంత ఏర్పాటు తోడైతేనే మనకు హాకింగ్ మిగిలారు. ఆయన కథ చెప్పేటప్పుడు సంకల్పం గురించి చెప్పి నర్సుల జీతం గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

పాత కథలు చదువుతుంటే ఇంకో విషయం తోస్తుంది. రష్యన్ గణితవేత్త లెవ్ పోంత్ర్యాగిన్ 14 ఏళ్ల వయసులో స్టవ్ పేలి చూపు పోగొట్టుకున్నాడు. తల్లి తాత్యానా కుట్టుపని చేసేది. ఆమెకు లెక్కలు రావు. అయినా కొడుక్కి గణిత పుస్తకాలు ఏళ్ల తరబడి చదివి వినిపించింది. సంకేతాల పేర్లు తెలియక, కనబడ్డట్టే 'తోకలు కిందికి', 'తోకలు పైకి' అని చెప్పేదట. సమితుల ఛేదనం (∩), సమ్మేళనం (∪) గుర్తులకు ఆ తల్లి పెట్టుకున్న పేర్లవి. 1975లో రసాయన శాస్త్రంలో నోబెల్ పొందిన జాన్ కార్న్‌ఫోర్త్‌కు ఇరవై ఏళ్లకే చెవులు పూర్తిగా వినబడకుండా పోయాయి. ఆయనకు జీవితమంతా తోడుగా ఉండి, కలిసి పరిశోధన చేసింది భార్య రీటా. ఆమె కూడా రసాయన శాస్త్రవేత్తే. పెనిసిలిన్ మందు, బి12 విటమిన్ అణువుల నిర్మాణం కనిపెట్టిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు ముప్పై ఏళ్లు నిండకముందే కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర్లు పోయాయి. ఎక్స్‌రే పరికరం మెయిన్ స్విచ్ వేయలేక దానికి తనే ఒక పొడవాటి లివర్ పెట్టించుకున్నారు.

ఒకచోట తల్లి, ఒకచోట భార్య, ఒకచోట తన తంటాలు తనే. సంస్థ ఎక్కడుంది? సంస్థ చేయాల్సిన పని తరతరాలుగా ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేస్తూ వచ్చారు. మన దగ్గర ఇప్పటికీ అంతే. పరీక్ష హాలు మెట్లమీద కొడుకును వీపున మోసుకెళ్లే తండ్రి ఫొటో ఏటా పేపర్లో వస్తుంది. ఆ తండ్రి గొప్పతనం గురించి రాస్తారు. పరీక్ష కేంద్రం కింది అంతస్తులో ఎందుకు పెట్టలేదని రాసేవాళ్లు తక్కువ. మోసే తండ్రి లేని పిల్లల ఫొటో ఎలాగూ రాదు, వాళ్లు ఆ పరీక్షకే రారు.

వైకల్యం ఉన్నవారిని చేర్చుకుంటే సైన్స్‌కే లాభమని వాదించేవాళ్లున్నారు. అందులో నిజముంది. గీరట్ వెర్మీజ్ అనే అంధ జీవశాస్త్రవేత్త యేల్ యూనివర్సిటీకి ఇంటర్వ్యూకు వెళ్తే, ఈయనేం చేయగలడన్న అనుమానంతో ఒక ప్రొఫెసర్ మ్యూజియంలోకి తీసుకెళ్లి గవ్వలు చేతికిచ్చారు. ఆయన తడిమి చూసి వాటి జాతుల పేర్లు చెప్పేశాడు. ఆ వేళ్లతోనే గవ్వల మీద పాత గాయాలు మానిన గుర్తులు పట్టి, వేటాడే జీవులు కోట్ల ఏళ్లుగా గవ్వల ఆకారాన్ని ఎలా మార్చాయో చెప్పాడు. చదువుకునే రోజుల్లో చూపు పోయిన ప్యూర్టోరికో ఖగోళ శాస్త్రవేత్త వాండా డియాజ్ మెర్సెడ్ నక్షత్రాల డేటాను శబ్దంగా మార్చుకుని వినే పద్ధతి పెంచింది. అది చూపున్న శాస్త్రవేత్తలకు కూడా ఉపయోగపడుతోంది.

ఇవన్నీ గొప్ప కథలే. కానీ ఈ వాదం మీదే అంతా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. చూపున్న శాస్త్రవేత్తలందరూ కొత్త సిద్ధాంతాలు కనిపెడుతున్నారా? రోజూ ల్యాబ్‌కు వెళ్లి, జాగ్రత్తగా కొలిచి, ఏడాదికి ఒక పేపర్ రాసి, నలుగురు విద్యార్థులకు చదువు చెప్పి రిటైరయ్యేవాళ్లే ఎక్కువ. సైన్స్ నడిచేది వాళ్లతోనే. వైకల్యం ఉన్న మనిషికి కూడా అలా సామాన్యంగా, గౌరవంగా పనిచేసి రిటైరయ్యే హక్కుంది. ఆయన హాకింగ్ అయితేనే ర్యాంపు కడతామనడం అన్యాయం.

ఆ ర్యాంపు మాట నిజంగా జరిగిందే. 2001 జనవరిలో హాకింగ్ భారత్‌కు వచ్చారు. ముంబయిలో భౌతిక శాస్త్ర సదస్సు, తర్వాత ఢిల్లీ పర్యటన. కుతుబ్‌మినార్ లాంటి కట్టడాలు చూడాలంటే చక్రాల కుర్చీకి దారి లేదు. వికలాంగుల హక్కుల కోసం జీవితమంతా పనిచేసిన జావేద్ ఆబిదీ గట్టిగా పట్టుబడితే పురావస్తు శాఖ తాత్కాలికంగా చెక్క ర్యాంపులు వేసింది. హాకింగ్ వస్తున్నారంటే రోజుల్లో అయిన పని, అంతకుముందు ఎన్నో ఏళ్లు ఈ దేశంలోని చక్రాల కుర్చీల కోసం కాలేదు.

ల్యాబుల్లో వినిపించే పెద్ద అభ్యంతరం భద్రత. యాసిడ్లు, మంటలు, గ్యాసు ఉన్నచోట ప్రమాదం కదా అంటారు. భద్రత గురించి భయపడటం తప్పు కాదు. అయితే ఆ భయం ఎటు పోతుందన్నదే ప్రశ్న. అలారం మోతతో పాటు లైటు కూడా వెలిగేలా పెడితే చెవిటి పరిశోధకుడికి ప్రమాదం తెలుస్తుంది. కళ్లు కడుక్కునే కుళాయి, అత్యవసర షవర్ గొలుసు కూర్చున్న మనిషికి అందే ఎత్తులో ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవారికే కాదు, పొట్టివాళ్లకు, గర్భంతో ఉన్నవాళ్లకు కూడా మేలు. మన ల్యాబుల్లో భద్రత పేరుతో మనిషిని బయట పెడుతున్నారు, కుళాయి ఎత్తు మాత్రం తగ్గించడం లేదు.

ఇక డబ్బు సంగతి. నా దృష్టిలో అసలు ముడి ఇక్కడే ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనం. మొత్తం పదేళ్లు. మంచి నిబంధనే. ఆస్పత్రులకు తిరగాల్సినవాళ్లకు, చదవడానికి రెట్టింపు సమయం పట్టేవాళ్లకు అది అవసరం. కానీ ఫెలోషిప్ ఎన్నేళ్లు? జూనియర్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) రెండేళ్లు, సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) మూడేళ్లు, కలిపి ఐదేళ్లు. వికలాంగుల కోసమే ఏడాదికి 200 మందికి ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌కూ గరిష్ఠం ఐదేళ్లే. సమయం పదేళ్లు, తిండి ఐదేళ్లు. మిగిలిన ఐదేళ్లు ఎలా బతకాలో ఆ నిబంధన రాసినవాళ్లు ఆలోచించలేదు. పుస్తకాలు చదివి వినిపించే మనిషికో, తోడుండే మనిషికో ఇచ్చుకోమని ఆ ఫెలోషిప్ మార్గదర్శకాల్లో నెలకు 2,000 రూపాయలు పెట్టారు. హైదరాబాద్‌లో ఆ డబ్బుకు నెలంతా రోజూ వచ్చి ఫిజిక్స్ చదివిపెట్టే మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఆ పని మళ్లీ అమ్మ మీదో, చెల్లి మీదో, స్నేహితుల మొహమాటం మీదో పడుతుంది.

ప్రాజెక్టులకూ ఇదే వర్తిస్తుంది. ప్రాజెక్టు ప్రతిపాదన రాసినవాళ్లకు ఆ పట్టిక తెలుసు. పరికరాలు, సిబ్బంది, రసాయనాలు, ప్రయాణాలు, కంటింజెన్సీ, ఓవర్‌హెడ్స్. నా టీమ్‌లో చూపు లేని పరిశోధకుడు ఉన్నాడు, అతని కోసం బ్రెయిలీ డిస్‌ప్లే (కంప్యూటర్ తెర మీది అక్షరాలను వేళ్లతో తడిమి చదివే పరికరం), సహాయకుడు కావాలి అని రాసుకోవడానికి విడిగా ఒక పద్దు ఉండదు. రసాయనాల డబ్బులోంచి తీయాలి. అప్పుడు ప్రాజెక్టు పెద్దకు ఆ పరిశోధకుడు ఖర్చుగా కనబడటం మొదలవుతుంది. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇలాంటి పరికరాలకు, సహాయకులకు గ్రాంటు మీద అదనంగా డబ్బు ఇస్తుంది. బ్రిటన్‌లో ఉద్యోగంలో కావలసిన సాయానికి ప్రభుత్వమే యాక్సెస్ టు వర్క్ అనే పథకం కింద చెల్లిస్తుంది. అలాగని అక్కడంతా బాగుందని కాదు. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కు గ్రాంట్ల కోసం దరఖాస్తు చేసేవారిలో తమకు వైకల్యం ఉందని చెప్పుకున్నవారి వాటా 2008లో 1.9 శాతం ఉంటే 2018కి 1.2 శాతానికి పడిపోయింది. అక్కడ కనీసం లెక్క వేసి, పడిపోతోందని గుర్తించారు.

మన లెక్కలు చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మందికి, అంటే 2.21 శాతానికి వైకల్యం ఉంది. 2021-22లో ఉన్నత విద్యలో 4.33 కోట్ల మంది చదువుతుంటే అందులో వైకల్యం ఉన్నవారు లక్ష లోపే. వెయ్యికి ఇద్దరు. వారిలో సైన్స్ వాళ్లు ఎందరు, పీహెచ్‌డీ దాకా వచ్చినవాళ్లు ఎందరు, వచ్చి మానేసినవాళ్లు ఎందరు అన్నది ప్రతి పరిశోధన సంస్థా ఏటా తన వెబ్‌సైట్లో పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

అంకెల్లోకి రానివాళ్లు ఇంకెందరో. మూర్ఛ, డిప్రెషన్, డిస్లెక్సియా, రోజుకోలా ఉండే కీళ్లవాతం. బయటికి కనబడవు కాబట్టి చాలామంది చెప్పరు. చెబితే గైడ్ ఏమనుకుంటాడో, రికమెండేషన్ లెటర్‌లో ఏం రాస్తాడో అన్న టెన్షన్. మధ్యలో వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని చట్టంలోని 20వ సెక్షనే చెబుతోంది. ఈ సంగతి తెలియక ముందే రాజీనామా ఇచ్చేసేవాళ్లున్నారు.

భవనాలను వైకల్యం ఉన్నవారికి అందుబాటుగా మార్చడానికి చట్టం ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే దాటిపోయింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలను సూచనలుగా వదిలేయడం చెల్లదని, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వికలాంగ అధ్యయన కేంద్రం. దేశానికి దారి చూపిన నివేదిక మన నగరం నుంచే వెళ్లింది. అదే నగరంలో డజన్ల కొద్దీ జాతీయ పరిశోధన సంస్థలున్నాయి. ఒక్కొక్క డైరెక్టరూ ఒక రోజు చక్రాల కుర్చీలో కూర్చుని తన ల్యాబ్ బల్లల మధ్య తిరిగి చూడమని అడుగుతున్నాను. కుర్చీ ఎక్కడ ఇరుక్కుంటుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. వచ్చే బడ్జెట్లో ఆ గుర్తులకు డబ్బు రాయాలి.

మా క్లాస్‌మేట్ పీహెచ్‌డీ ఎంట్రన్స్ కూడా పాసైంది. ప్రయోగాలు నీకు కష్టమేమో, ఆలోచించుకో అన్నారు. ఆలోచించుకుని జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. ఈమధ్య ఫోన్ చేసినప్పుడు చెప్పింది, చక్రాల కుర్చీలో వచ్చే ఒక అమ్మాయి వాళ్ల కాలేజీలో బైపీసీలో చేరిందని. ల్యాబ్ పైన ఉందంటే, కింద ఒక ఖాళీ గది ఇప్పించుకుంది. వడ్రంగిని పిలిచి, ఆ పిల్ల కుర్చీ చేతుల ఎత్తు టేపుతో కొలిపించి, కుర్చీ కిందికి దూరేలా బల్ల చేయించింది. బ్యూరెట్ స్టాండు బల్ల మీద కాకుండా పక్కన కిందికి బిగించింది. బల్ల బాగా కుదిరిందట. బిల్లు తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే, ఆయన రెండుసార్లు చూసి, ఇది ఏ పద్దులో రాయాలమ్మా అని అడిగారు.